వాగు వైపు బుట్ట

ఉదయం ఆరూ ఇరవైకి పరాంకుశం తన రాయి మీద రాలిన ఆకులను తోకతో ఊడ్చాడు. అడవిలో గడియారం లేదు. లోయలోంచి వెళ్లే ప్యాసింజరు బండి కూతే గడియారం. ఆ రోజు బండి ఆలస్యం కాలేదని పట్టాల పక్క కొమ్మ మీద ఉండే కాకి కూడా చెప్పింది కాబట్టి, ఆరూ ఇరవై అని రాయడానికి అభ్యంతరం లేదు.

పరాంకుశం నక్క. అతని పని బాస్కెట్‌బాల్ ఆటలో ఎవరు గెలుస్తారో ముందుగా చెప్పడం. కూర్చోవడానికి ఒక బల్లపరుపు రాయి, రాయి మీదికి నేరేడు నీడ ఉన్నాయి. వినడానికి వచ్చేవాళ్లు ఊరికే రారు. ఒకరు రేగుపళ్లు, ఒకరు వాగు పీతలు తెచ్చి రాయి దగ్గర పెట్టి కూర్చుంటారు. ఇంత హాయి అయిన ఉద్యోగం ఆ అడవిలో పులికి కూడా లేదు.

ఆట మాత్రం సరదా ఆట కాదు. చలికాలమంతా మందలన్నీ ఆడతాయి, ఎండలు ముదిరేసరికి నాలుగు జట్లు మిగులుతాయి. వాటి మధ్య జరిగేవి ప్లేఆఫ్స్. గెలిచిన మంద వానలు పడేదాకా రోజూ తెల్లవారగానే నల్లమడుగులో అందరికంటే ముందు నీళ్లు తాగుతుంది. మిగిలినవాళ్లు వరస ప్రకారం తర్వాత. వరస చివరికి వచ్చేసరికి మడుగులో ఉండేది నీళ్లో బురదో తేల్చుకోవడం కష్టం. కొన్నేళ్లుగా ముందు తాగుతున్నది కొండముచ్చులు. చివర తాగుతున్నది అడవిదున్నలు. పోయిన ఎండాకాలం ఆ బురద మింగలేక దున్నలు ఆవలి కొండ దాటి నీళ్లకు వెళ్లాయి. దూడల్లో ఒకటి దారిలోనే కూలబడింది. దాని సంగతి ఆ మందలో ఎవరూ మాట్లాడరు.

గడ్డి మొలవని చదును నేల మైదానం. ఒక చివర వాగు వైపు మద్ది చెట్టు, రెండో చివర కొండ వైపు ఏగిస చెట్టు. రెండు చెట్లకీ గిజిగాళ్లు అల్లిన అడుగు లేని బుట్టలు వేలాడతాయి. బంతిని తీగలతో అల్లి లోపల బూరుగు దూది కూరారు. నేలకు కొడితే లేస్తుంది. ఎటు లేస్తుందో మాత్రం చెప్పలేం.

ఆ ఉదయం సెమీఫైనళ్లు. జట్లవాళ్లు రాయి దగ్గరికి వచ్చారు.

"మా సంగతేంటి పరాంకుశం?" అని అడిగాడు ఎలుగుల నాయకుడు, తేనెపట్టు ముక్క ఒకటి ముందు పెట్టి.

"మీకు బలం ఉంది. తొలి సగంలో మీకు ఎదురు నిలిచే జట్టు లేదు."

"మలి సగంలో?"

"తొలి సగం బాగుంటే మలి సగం దానంతట అదే బాగుంటుంది," అని పరాంకుశం తేనె నాకాడు.

దుప్పులు ఏమీ తేలేదు. దూరంగా నిలబడి చెవులు నిక్కించాయి. "వేగం ఉంది, నిబ్బరం లేదు," అని వాటికి రెండు ముక్కల్లో చెప్పి పంపేశాడు. కొండముచ్చుల నాయకుడు ఓబులేసు మాత్రం రాయి ఎక్కి పక్కనే కూర్చున్నాడు. అతన్ని చూసి పరాంకుశం, "గెలుపు ఇంకెక్కడికి పోతుంది ఓబులేసూ," అన్నాడు.

దున్నలు అడగలేదు. మైదానం అంచున మేస్తున్నాయి. అడగనివాళ్లకు కూడా చెప్పడం పరాంకుశానికి అలవాటు.

"దున్నల గురించి చెప్పడానికి ఏముంది? బుట్ట ఆకాశంలో ఉంది, దున్న నేల మీద ఉంది. ఆ దూరం దేవుడు పెట్టింది."

అందరూ నవ్వారు. దున్నల నాయకుడు గిద్దయ్య కుర్రాడు, కోపిష్టి. తల దించి గిట్ట నేలకేసి రాశాడు.

"ఊరుకోరా," అంది మందకు పెద్దదిక్కైన బూదెమ్మవ్వ. "వాడి నోరు, వాడి ఇష్టం. నువ్వు గడ్డి తిను."

"అంత మాట అంటే ఎట్లా ఊరుకోను అవ్వా?"

"నోట్లో గడ్డి ఉంటే ఊరుకోవడం తేలిక. తిను."

మొదటి ఆటలో కొండముచ్చులు దుప్పుల మీద గెలిచాయి. పులి వస్తే కొండముచ్చు చెట్టు మీంచి ఒక రకంగా ఖక్‌మని దగ్గుతుంది, అది విన్న దుప్పి వెనక్కి చూడకుండా పారిపోతుంది. ఓబులేసు ఆట మధ్యలో అట్లా ఒకసారి దగ్గాడు. దుప్పుల జట్టు మొత్తం మైదానం వదిలి వెళ్లి సాయంత్రానికి గానీ రాలేదు. ఆటలో దగ్గకూడదన్న నియమం లేదని రెఫరీ నాంచారమ్మ తీర్పు చెప్పింది. ఆమె తీతువు పిట్ట. వేరే ఈల అక్కర్లేని గొంతు.

రెండో ఆట ఎలుగులకీ దున్నలకీ. తొలి సగం ముగిసేసరికి ఎలుగులు చాలా ముందున్నాయి. పరాంకుశం లేచి ఒళ్లు దులుపుకుని రాయి దగ్గరికి బయల్దేరాడు. ఏ ఆటయినా అతను చూసేది అంతవరకే. ఆట ముగిశాక గెలిచింది ఎవరో అందరికీ తెలుస్తుంది, అప్పుడు చెబితే పీతలు ఎవరు తెస్తారు? అందుకని విరామంలోనే వచ్చి, జరగబోయేదాన్ని జరిగిపోయినట్టు చెప్పేవాడు. ఇన్నేళ్లలో చాలాసార్లు నిజమయ్యేది కూడా.

ఆ రోజు కాలేదు. విరామంలో ఎలుగులు పక్కనున్న ఇప్పచెట్టు కిందికి వెళ్లి రాలిన పువ్వు తిన్నాయి. కొంచెమే తిని ఉంటే మత్తు ఎక్కేది కాదు. మలి సగంలో ఒకటి బంతిని కావలించుకుని పడుకుంది. మిగిలినవి దాన్ని లేపడానికి వెళ్లి పక్కనే పడుకున్నాయి. దున్నలు తీరిగ్గా గెలిచాయి.

"ఎలుగుల నిలకడ నన్ను ఎప్పుడూ ఆకట్టుకుంటుంది," అని రాయి మీంచి పరాంకుశం చెబుతుండగా కాకి ఆ కబురు తెచ్చింది.

వినేవాళ్లలో సుంకులు అనే ముళ్లపంది ఉన్నాడు. అతను ముందే రేగుపళ్లు ఇచ్చేశాడు. అందుకని నిదానంగా అడిగాడు.

"బావా, నువ్వు మలి సగం ఎప్పుడైనా చూశావా?"

"చూడాల్సిన అవసరం రాలేదు."

"ఇప్పుడు వచ్చినట్టుందే."

చుట్టూ నవ్వులు. పరాంకుశం మెడ నిటారుగా పెట్టాడు. "విను సుంకులూ. ఫైనల్లో దున్నలు గెలిస్తే ఈ రాయి దిగిపోతాను. నువ్వెక్కి కూర్చో."

"నాకెందుకు? నీడ ఉంటే చాలు. కానీ అందరూ విన్నారు, జ్ఞాపకం పెట్టుకో."

అందరూ విన్నారు. నక్క ఆ రోజు మధ్యాహ్నం తేనె కూడా ముట్టలేదు. పీతలు తానే పట్టుకోవాలంటే వాగులో దిగాలి. దిగితే పీతలు కూడా పట్టుకుంటాయి.

ఫైనల్ మర్నాడు. ఆ మధ్యాహ్నమే మైదానం చుట్టూ తిరుగుతూ ఆలోచిస్తున్న పరాంకుశానికి చెన్నమ్మ కనిపించింది. ఆమె గువ్వ. గుడ్లు పెట్టే రోజులు దగ్గర పడ్డాయి. ముక్కున ఒక పుల్ల పెట్టుకుని చెట్టు చెట్టుకీ తిరుగుతోంది. గువ్వలు గూడు కట్టడంలో పెద్ద పనిమంతులు కావు. నాలుగు పుల్లలు అడ్డంగా పడేసి ఇల్లు అయిందంటాయి.

"ఏం వదినా, ఇల్లు దొరకలేదా?"

"ఏ కొమ్మ చూసినా ఎవరో ఒకరున్నారు అన్నయ్యా."

"వాగు వైపు బుట్ట చూశావా? గిజిగాళ్లు నిన్ననే కొత్తగా అల్లారు. చుట్టూ గోడ ఉంది, అడుగున నాలుగు పుల్లలు వేసుకుంటే చాలు."

చెన్నమ్మ పుల్ల కింద పెట్టింది. "అది ఆట బుట్ట కదా. బంతులు వచ్చి పడవూ?"

"గుడ్డున్న గూటి మీద ఎవరు విసురుతారమ్మా? నాంచారమ్మ ఊరుకుంటుందా?"

అది నిజం. గుడ్డున్న గూటిని కదిలించకూడదన్నది అడవి కట్టుబాటు. అందరూ పాటిస్తారు, నాంచారమ్మ ఇంకాస్త గట్టిగా పాటింపజేస్తుంది. తీతువు గుడ్లు నేల మీదే పెడుతుంది మరి. దారినపోయే ప్రతి గిట్టనూ చూసి గుండె పట్టుకునే తల్లి.

నక్క లెక్క ఇది. నిరుటి విజేతలకు ముందుగా బుట్ట ఎంచుకునే హక్కు ఉంది. కొండముచ్చులు ఎప్పుడూ కొండ వైపు బుట్టనే కోరుకుంటాయి, ఎండ కళ్లలో పడదని. దున్నలకు మిగిలేది వాగు వైపు బుట్ట. అందులో గుడ్లుంటే దున్నలు ఒక్క బంతి కూడా వేయలేవు. ఈ సంగతి ఓబులేసు చెవిలో వేద్దామనుకుని ఆగిపోయాడు. ఓబులేసుకు చెప్పడమంటే ప్రతి కొమ్మకీ చెప్పడమే. అలా ఆగడమే అతను చేసిన తప్పు. ఓబులేసు వినగానే ఒక ప్రశ్న అడిగి ఉండేవాడు.

ఆ సాయంత్రం దున్నలు సాధన చేశాయి. చూడటానికి వెళ్లిన పరాంకుశం పొట్ట పట్టుకుని నవ్వుతూ తిరిగొచ్చాడు.

"బుట్ట కేసి తలెత్తి చూడను కూడా చూడటం లేదు. గుండ్రంగా నిలబడి, తోకలు బయటికి పెట్టి, ఒకరి ముట్టె దగ్గర్నుంచి ఒకరి ముట్టెకి బంతి దొర్లించుకుంటున్నారు. పాపం, ఆశ వదిలేసుకున్నట్టున్నారు."

"పోనీలే, ఆడుకోనీ," అన్నాడు సుంకులు.

మర్నాడు మధ్యాహ్నం అడవంతా మైదానం చుట్టూ చేరింది. నాంచారమ్మ బుట్టలు తనిఖీ చేయడానికి ఎగిరింది. కొండ వైపు బుట్ట సరిగ్గా ఉంది. వాగు వైపు బుట్ట దగ్గర రెక్కలు ఆడిస్తూ ఆగిపోయింది. లోపల చెన్నమ్మ కూర్చుని ఉంది.

"ఎన్ని?" అని అడిగింది నాంచారమ్మ.

"రెండు అక్కా. పొద్దున్నే."

నాంచారమ్మ గొంతు మెత్తబడింది. "చల్లగా ఉండు," అని కిందికి దిగి అందరికీ వినిపించేలా అరిచింది. "వాగు వైపు బుట్టలో గుడ్లున్నాయి. దాని మీదికి బంతి విసిరితే తప్పు. బంతి అవతలి జట్టుకి ఇచ్చేస్తాను. రెండు జట్లూ ఒప్పుకుంటే ఆట వాయిదా వేస్తాను. ఏమంటారు?"

బూదెమ్మవ్వ నెమరు ఆపలేదు. "మాకు ఇవాళైనా ఒకటే, పిల్లలు బయటికొచ్చాకైనా ఒకటే తల్లీ. వాళ్లనడుగు."

ఓబులేసు తోక గోక్కున్నాడు. తర్వాత మైదానం పక్క గట్టు మీద కూర్చుని చూస్తున్న నక్క దగ్గరికి ఒక్క గంతులో వచ్చాడు.

"ఏం చేద్దాం పరాంకుశం? వాయిదా వేయిద్దామా?"

"పిచ్చా? ఇంతకంటే మంచి రోజు నీకు మళ్లీ రాదు. ఆడు."

"తొలి సగం సరే. మరి మలి సగంలో..."

"మలి సగం సంగతి నాకొదిలెయ్."

అంత ధైర్యంగా చెప్పేవాడి దగ్గర ఏదో ఉపాయం ఉండకపోదని ఓబులేసు అనుకున్నాడు. వెనక్కి వెళ్లి, "ఆడతాం," అన్నాడు.

ఆట మొదలైంది. కొండముచ్చులు మెరుపులా కదిలి, ఎవరికీ అందకుండా ఎగిరి, బంతిని బుట్టలో వేశాయి. బుట్టలో పడితే బంతి ఎదుటి జట్టుకి వస్తుంది. దున్నలు బంతి అందుకుని గుండ్రంగా నిలబడ్డాయి, తోకలు బయటికి. బంతి ముట్టె నుంచి ముట్టెకి దొర్లింది. కొండముచ్చులు చుట్టూ తిరిగాయి. వీపెక్కితే తప్పు. కాళ్ల మధ్య దూరితే తప్పు కాదు గానీ, దున్న కాళ్ల మధ్య దూరే కొండముచ్చు ఇంకా పుట్టలేదు.

"ఆడరేం? నిద్రపోతున్నారా?" అని ఓబులేసు వెక్కిరించాడు.

"నీకు తొందరైతే ఒక కునుకు తియ్యి," అంది గుంపులోంచి బూదెమ్మవ్వ గొంతు.

ఇదేం ఆట అని గట్టు మీదివాళ్లు గోల చేశారు. బంతిని ఎంతసేపు ఉంచుకోవాలన్న నియమం అడవిలో లేదని నాంచారమ్మ ప్రకటించింది. గిద్దయ్యకు మాత్రం ఓపిక నిలవలేదు. వెక్కిరింత విన్నప్పుడల్లా తల తిప్పేవాడు, బంతి జారేది, కొండముచ్చులు ఎత్తుకుపోయి బుట్టలో వేసేవి. ప్రతిసారీ బూదెమ్మవ్వ ఒక్కటే మాట అనేది.

"గడ్డి ఉందనుకోరా నోట్లో."

విరామానికి కొండముచ్చులు పన్నెండు, దున్నలు సున్నా. పరాంకుశం లేచి ఒళ్లు దులుపుకున్నాడు. వినేవాళ్లను వెంటేసుకుని రాయి వైపు నడిచాడు. అతని వెనకే నాంచారమ్మ గొంతు వినిపించింది గానీ, ఆమె ఎప్పుడూ ఏదో ఒకటి అరుస్తూనే ఉంటుంది.

ఆమె అరిచింది ఇది. "బుట్టలు మారండి. కొండముచ్చులు వాగు వైపు, దున్నలు కొండ వైపు."

విరామం తర్వాత జట్లు బుట్టలు మార్చుకుంటాయి. అడవిలో దుప్పిపిల్లకి కూడా తెలిసిన విషయం. మలి సగం ఒక్కసారి చూసినవాడికైనా తెలుస్తుంది.

ఓబులేసు తలెత్తాడు. వాగు వైపు బుట్ట అంచు మీంచి చెన్నమ్మ అతన్ని చూసింది. అతను గట్టు వైపు తిరిగాడు. గట్టు మీద నక్క కూర్చున్న చోటు ఖాళీగా ఉంది.

"బంతిని మన దగ్గరే ఉంచుకోండి," అని జట్టుకు చెప్పాడు. "వాళ్లు చేసినట్టే చేద్దాం. పొద్దు గుంకేదాకా గుండ్రంగా నిలబడదాం. పన్నెండు చాలు."

మంచి ఆలోచనే, కొండముచ్చులతో కాకపోతే. కాసేపు నిలబడ్డాయి. ఒకదానికి వీపు దురద పెట్టింది. ఇంకొకటి ఆ వీపు చూడటానికి వెళ్లింది. ఒకటి బంతితో సహా మద్ది చెట్టెక్కింది. బయటికి పోయిందని నాంచారమ్మ బంతి దున్నలకిచ్చింది. మరొకటి అలవాటు కొద్దీ బుట్ట కేసి విసిరి, విసిరాక నాలుక కరుచుకుంది. చెన్నమ్మ తల వంచింది, బంతి పక్కనుంచి పోయింది, నాంచారమ్మ అడవి అదిరేలా అరిచింది. మళ్లీ బంతి దున్నలకే.

దున్నలకు గురి లేదు. గిద్దయ్య నుదుటితో కొడితే బంతి చెట్టుకు తగిలేది, కొమ్మకు తగిలేది, ఒకసారి నెమలికి తగిలింది. కానీ బంతి కింద పడేచోట దున్నలే నిలబడి ఉండేవి. వాటిని అక్కణ్ణించి జరపడం కొండముచ్చుల వల్ల కాలేదు. మళ్లీ కొట్టేవాడు. మళ్లీ తప్పేది. మళ్లీ కొట్టేవాడు. నాలుగైదు సార్లకు ఒకసారి బుట్టలో పడేది. చూడటానికి అందంగా లేదు. గట్టు మీదున్న వాళ్లంతా లేచి నిలబడ్డారు.

పొద్దు వాగు వైపు వాలేసరికి పన్నెండూ పన్నెండు. సాయంత్రం బండి కూతతో ఆట ముగుస్తుంది. అప్పటికే పట్టాలు సన్నగా మోగుతున్నాయి. గిద్దయ్య బుట్ట కింద నిలబడి మడుగు వైపు చూశాడు.

"అటు చూడకు," అంది బూదెమ్మవ్వ. "బుట్టని చూడు."

అతను కొట్టాడు. బంతి బుట్ట అంచు మీద ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది. బండి కూసింది. కూత ఆగకముందే బంతి లోపలికి పడింది.

అదే సమయంలో రాయి మీద పరాంకుశం నాలుగో పీత తింటున్నాడు.

"దున్నలు ఓడిపోవడానికి కారణం, వాళ్లకు ముందుచూపు లేకపోవడం. ఆట అంటే రెండడుగులు ముందు ఆలోచించడం. ఓబులేసు మలి సగంలో ఎంత నిబ్బరంగా ఆడాడో నేను చెప్పక్కర్లేదు."

"చెప్పు బావా," అన్నాడు సుంకులు. "చూడనివాళ్లం మేమూ ఉన్నాం."

కాకి వచ్చి కొమ్మ మీద వాలింది. గెలిచిందెవరో చెప్పింది. ఎలా గెలిచారో కూడా చెప్పింది. పరాంకుశం నోట్లో పీత కాలు అలాగే ఉండిపోయింది.

"బుట్టలు మారతాయా?" అన్నాడు.

వినేవాళ్లలో ఒక దుప్పిపిల్ల కిసుక్కుమంది. అడిగిన ప్రశ్న అంత చిన్నది.

అతను పీత కాలు మింగి గొంతు సవరించుకున్నాడు. "నిజానికి దున్నల ఓపిక గురించి నేను మొదట్నుంచీ..."

"దిగు బావా," అన్నాడు సుంకులు. "ఇచ్చిన మాట చల్లబడకముందే దిగు."

పరాంకుశం దిగాడు. సగం ఆట చూసి మొత్తం చెప్పేవాడు, మిగతా సగం తెలిసినవాడి చేతిలోనే ఓడిపోతాడు.

మర్నాటి నుంచి మడుగు దగ్గర వరస మారింది. దున్నలు ముందు దిగితే నీళ్లన్నీ బురదేనని కొందరు భయపడ్డారు. దున్నలు దిగలేదు. దూడల్ని ముందు పెట్టి, అంచున నిలబడి మెడలు చాచి తాగి వెళ్లిపోయాయి. చివర్లో వచ్చిన పరాంకుశానికి కూడా తేట నీళ్లే దొరికాయి. ఫిర్యాదు చేసే వీలు కూడా లేకుండా పోయింది.

కొన్నాళ్ల తర్వాత అతను అక్కడ నీళ్లు తాగుతుంటే చెన్నమ్మ వచ్చి వాలింది. పిల్లలు బయటికొచ్చాయని, రెండూ బాగున్నాయని చెప్పింది. "నీ పుణ్యమే అన్నయ్యా, మంచి ఇల్లు చూపించావు," అంది.

"ఆ రోజు బంతులంటే నీకు భయం వేయలేదా వదినా?"

"వేయకేం? అందుకే నువ్వు చెప్పగానే వెళ్లి బూదెమ్మవ్వని అడిగాను. వాళ్ల ఆటకి అడ్డం కాకూడదు కదా. ఏ బుట్ట, ఎవరు చూపించారు అని అడిగింది. చెప్పాను. కాసేపు నెమరేసింది. తర్వాత, 'నిశ్చింతగా కూర్చో తల్లీ, రేపు పొద్దు గుంకేదాకా మాత్రం లేవకు,' అంది. అప్పుడే మందనంతా పిలిచి గుండ్రంగా నిలబెట్టింది."